రోగ సంప్రాప్తియు, వైద్యుని పరీక్షయు

మన వైద్యగ్రంథములు రోగమును తెలిసికొనుటకు అయిదు సాధనములను చెప్పినవి: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. రోగమునకు మూలమైన కారణము నిదానము. ముందుగా పొడసూపు చిహ్నములు పూర్వరూపము. స్పష్టముగా బయటపడిన లక్షణములు రూపము. ఏ యాహారమువలన, ఏ మందువలన నెమ్మది కలుగుచున్నదో కనిపెట్టుట ఉపశయము. ఇక సంప్రాప్తి యనగా, కారణము దేహమున నాటుకొన్నది మొదలు రోగము పూర్తిగా రూపొందు వఱకు లోపల నేమి జరిగినదో ఆ నడక యంతయు. తక్కిన నాలుగింటిని గుఱించి రోగియైనను కొంత చెప్పగలడు. సంప్రాప్తిని మాత్రము వైద్యుడే తెలిసికొనవలెను.

నేడు అమెరికాదేశమున వైద్యవృత్తికి అనుజ్ఞాపత్రము, అనగా లైసెన్సు, కోరువాడు మొట్టమొదట నెదుర్కొనవలసినది ఇట్టి సంప్రాప్తి పరీక్షయే. శారీరధర్మశాస్త్రము, రోగవిజ్ఞానము, జీవరసాయనము మున్నగు వానిని నెలల తరబడి పునశ్చరణము చేసి, ఒక దినమున ఎనిమిది గంటలసేపు అతడు ప్రశ్నల కుత్తరము లీయవలెను. ఆ ప్రశ్నలలో ‘ఈ రోగమునకు మందేమి?’ యనునది తక్కువ. ‘ఈ రోగికి ఈ లక్షణ మేల కలిగినది?’ యనునది యెక్కువ. ఆంధ్ర తెలంగాణములనుండి వెళ్లు వైద్యవిద్యార్థులెందఱో ఈ పరీక్షకు కూర్చుండుచున్నారు. మందు తెలిసియుండగా కారణ మేల యని విసుగుకొనువారును వారిలో లేకపోలేదు. ఈ ‘ఏల’ యను ప్రశ్న పరీక్షాశాలలోనికి ఎట్లు వచ్చినదో, అది లేనిచో నేమి యగునో చెప్పుట నేటి ప్రసంగవిషయము.

వైద్యుని పరీక్షింపవలె ననుట క్రొత్త మాట కాదు. శాస్త్రమును చదివి, అర్థమును గ్రహించి, చికిత్సలను కన్నులార చూచి, చేతులార నభ్యసించి, పిమ్మట రాజానుజ్ఞ పొందినవాడే వైద్యవృత్తిలో ప్రవేశింపవలెనని సుశ్రుతసంహిత సూత్రస్థానమున నున్నది. క్రీ. శ. 931లో బాగ్దాదు నగరమున నొక వైద్యుని పొరపాటున రోగి మరణింపగా, ఖలీఫా అల్ ముక్తదిరు నగరమందలి వైద్యులందఱిని పరీక్షింపుమని సినాను ఇబ్న్ సాబితు నాజ్ఞాపించెను. పేరుపొందినవారిని, రాజాస్థానమున నున్నవారిని మినహాయింపగా, పరీక్షకు వచ్చినవారే 860 మందికి మించిరట.

ఆ పరీక్షను గుఱించి ఇబ్న్ అల్ కిఫ్తీ చెప్పిన కథ యొకటి కలదు. చక్కని దుస్తులు ధరించిన పెద్దమనిషి యొకడు వచ్చి కూర్చుండెను. అతని గాంభీర్యమును చూచి సినాను గౌరవించి, అందఱు వెళ్లిన పిమ్మట ‘తమ గురువు లెవరు?’ అని యడిగెను. ఆ వృద్ధుడు బంగారునాణెముల పొట్లమును ముందుంచి, తనకు చదువను వ్రాయను సరిగా రాదనియు, కుటుంబమంతయు ఈ వృత్తిపైననే బ్రదుకుచున్నదనియు, దానిని త్రెంపవలదనియు వేడుకొనెను. సినాను నవ్వి, తెలియని మందు నీయకుండుట, రక్తము తీయుటకును విరేచనము లిచ్చుటకును తొందరపడకుండుట యను షరతులమీద వదలిపెట్టెను. తన జన్మలో పానకములను దాటి పోలేదని వృద్ధుడు చెప్పెను. మఱునాడు పడుచువా డొకడు వచ్చి, తాను తండ్రియొద్ద నేర్చితి ననెను. తండ్రి యెవరన్న, నిన్నటి వృద్ధుడే! ‘అయినచో నీవును ఆ పానకములను దాటకుము’ అని సినాను పంపివేసెనట. నాకీ కథయం దొక న్యాయము కనుపించును. రోగికి సంభవించునది తెలియనివాడు తేనెపానకముతో నాగిపోవుట, తెలిసినట్లు నటించి రక్తము తీయుటకంటె మేలు.

13వ శతాబ్దమున సిసిలీ నేలిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి, మూడేండ్లు తర్కమును, అయిదేండ్లు వైద్యమును చదివి, సలెర్నో నగరపు ఆచార్యులచేత పరీక్షింపబడినవాడే వైద్యుడు కావలెనని శాసించెను. ఇన్ని కట్టుబాట్లున్నను ఆనాటి పరీక్ష గ్రంథపరీక్షయే. హిప్పొక్రటీసు, గేలెను ఏమి చెప్పిరో అది చెప్పగలిగిన చాలును. వారు చెప్పినది నిజముగా దేహమునం దున్నదా యని తెఱచి చూచుట పరీక్షలో భాగము కాదు.

తెఱచి చూచినవాడు మోర్గాన్యి. ఇటలీలో పాడువా విశ్వవిద్యాలయమున నాచార్యుడై, జీవితమంతయు శవపరీక్షలు చేసి, 1761లో, తన 79వ యేట, దాదాపు 700 మంది రోగుల వృత్తాంతములతో నొక మహాగ్రంథమును ప్రకటించెను. బ్రదికియుండగా రోగి చెప్పుకొన్న బాధ యొకవైపు, మరణించిన పిమ్మట లోపల కనుపించిన మార్పు మఱియొకవైపు ఉంచి, రెండింటిని కలిపి చదివెను. రోగము దేహమంతట వ్యాపించిన దోషము కాదనియు, అది యొక అవయవమున స్థానము కలదనియు దానివలన తేలినది. 1858లో బెర్లినున విర్చో చేసిన యిరువది యుపన్యాసములు ఆ స్థానమును అవయవమునుండి జీవకణమునకు దింపినవి. ప్యారిసునందు క్లాడ్ బెర్నార్డు మఱియొక త్రోవ త్రొక్కెను. కాలేయము చక్కెరను నిలువచేసి మరల విడుదల చేయునని కనిపెట్టి, దేహములోపలి ద్రవములు ఎల్లప్పుడు సమస్థితిలో నుండుటయే జీవనమునకు ఆధారమని చెప్పెను. 1865లో వెలువడిన ఆయన గ్రంథము వైద్యమునకు ప్రయోగశాలయే గర్భగుడి యని వాదించినది. మోర్గాన్యి, విర్చోలు చచ్చినదానిని చూచిరి. బెర్నార్డు బ్రదికియున్నదానిని చూచెను. సంప్రాప్తికి రెండును కావలెను.

ఈ క్రొత్త జ్ఞానము పరీక్షాశాల గడప దాటిన సంవత్సరమును మనము చెప్పగలము. 1861 వఱకు ప్రష్యాదేశమున వైద్యవిద్యార్థి తత్త్వశాస్త్రపరీక్ష నొకదానిని దాటవలసి యుండెను. ఆ యేడు ప్రభుత్వము దానిని తీసివేసి, దాని స్థానమున ప్రకృతిశాస్త్రములందును, శారీరమునందును, శారీరధర్మమునందును పరీక్ష పెట్టెను. చిన్న మార్పుగా కనుపించును. కాని తర్కము నేర్చినవాడు వైద్యుడగుటకు తగునను భావము ఆ దినముతో ముగిసినదని నా యభిప్రాయము.

అమెరికాలో ఆనాటి స్థితి వేఱు. హార్వర్డు వంటి ప్రసిద్ధవిద్యాలయమున సహితము 1870 ప్రాంతమున వైద్యపట్టమునకు తొమ్మిది విషయములలో కొన్ని నిమిషముల నోటిపరీక్షలు జరుగుచుండెను. అయిదింట నెగ్గినవాడు వైద్యుడు. తక్కిన నాలుగును, అందు శారీరధర్మ మున్నను రోగవిజ్ఞాన మున్నను, సున్న యైనను సరే. క్రొత్తగా అధ్యక్షుడైన ఎలియట్టు వ్రాతపరీక్ష పెట్టవలె ననగా, విద్యార్థులలో సగముమందికి పైగా సరిగా వ్రాయజాలరని శస్త్రవైద్యాచార్యుడు బిగెలో అడ్డు చెప్పినాడట! ఎలియట్టు పట్టు వీడక 1871లో సంస్కరణము జరిపించెను. తక్కిన దేశమున మాత్రము, రుసుము చెల్లించినవారికి పట్టము నమ్ముకొను విద్యాలయములు వీధి వీధిని వెలసినవి.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రము 1880 దశాబ్దమున నొక చట్టము చేసినది. మంచి విద్యాలయమునుండి పట్టమైనను, పదేండ్ల యనుభవమైనను, లేదా ప్రభుత్వమండలి పెట్టు పరీక్షయందు ఉత్తీర్ణతయైనను ఉండవలెను. ఫ్రాంక్ డెంటు అను వైద్యుని పట్టము మండలికి నచ్చలేదు. పదేండ్ల యనుభవము లేదు. అతడు వైద్యము మానక శిక్షకు గుఱియై, అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయెను. 1889లో ఆ న్యాయస్థానము రాష్ట్రము పక్షముననే తీర్పు చెప్పినది. ప్రజల ప్రాణములకు సంబంధించిన వృత్తికి జ్ఞానపరీక్ష పెట్టు నధికారము ప్రభుత్వమునకు కలదని నాటినుండి స్థిరపడినది. చిత్రమేమన, డెంటునకు పరీక్షమార్గము తెఱచియే యుండెను. అతడు న్యాయస్థానమునకు పోయెను గాని పరీక్షకు పోలేదు.

1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నరు అను విద్యావేత్త అమెరికా, కెనడాలలోని 155 వైద్యవిద్యాలయములను దర్శించి నివేదిక ప్రకటించెను. ఆయన వైద్యుడు కాడు. ప్రయోగశాల యున్నదా, రోగులున్న ఆస్పత్రి యున్నదా యని చూచుటకు వైద్యుడు కానక్కఱలేదు గదా. 1893లో బాల్టిమోరునం దారంభమైన జాన్స్ హాప్కిన్సు వైద్యవిద్యాలయము ఆయనకు ఒరగల్లు: మొదటి రెండేండ్లు శాస్త్రము, తరువాతి రెండేండ్లు రోగి మంచము ప్రక్కన. నివేదిక వెలువడిన పిమ్మట బలహీనమైన విద్యాలయము లనేకము మూతపడినవి. అందు మంచియు జరిగినది, అన్యాయమును జరిగినది. నల్లజాతివారికొఱకున్న ఏడింటిలో రెండింటినే నిలుపవలెనని ఫ్లెక్స్‌నరు సిఫారసు చేయగా, తుదకు ఆ రెండే మిగిలినవి. వర్ణభేదముచే ఇతర విద్యాలయములు ద్వారములు మూసియుంచిన కాలమున, ఎందఱు వైద్యులు కావలసినవారు కాలేకపోయిరో లెక్కకు రాదు.

ఫిలడెల్ఫియాకు చెందిన విలియం రాడ్మను అను శస్త్రవైద్యుని పూనికచే 1915లో జాతీయ వైద్యపరీక్షకమండలి యేర్పడినది. ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున పరీక్షింపక, దేశమంతయు నంగీకరింపదగిన యొక్క పరీక్ష యుండవలెనని ఆయన కోరిక. 1916 అక్టోబరున వాషింగ్టనునందు మొదటి పరీక్ష ఆఱు దినములు జరిగినది. వ్రాత, నోటిప్రశ్నలు, ప్రయోగశాల, రోగిపరీక్ష యన్నియు నందుండెను. కూర్చున్నవారు పదిమంది, నెగ్గినవారు అయిదుగురు. రాడ్మను మాత్రము దానిని చూడలేదు. ఆ వసంతముననే మరణించెను. 1922 మొదలు ఆ పరీక్ష మూడు భాగములైనది: మొదట శాస్త్రము, పిదప చికిత్స, కడపట రోగియొద్ద పరీక్ష. సంప్రాప్తి తెలియనివాడు రోగి దగ్గఱకు చేరరాదను క్రమము అందులో నిమిడియున్నది.

సంప్రాప్తి తెలియకున్న నేమి జరుగును? దీనికి పెర్నిషస్ అనీమియా యను దారుణమైన రక్తహీనత చరిత్రను మించిన సాక్ష్యము నాకు కనబడదు. లండనునం దాడిసను అను వైద్యుడు 19వ శతాబ్దపు నడుమ దానిని వర్ణించెను. రోగి మెల్లగా పాలిపోవును. నాలుక నునుపెక్కి మండును. పాదములలో తిమ్మిరి పుట్టి, నడక తూలును. మరణము తప్పదు. 1926లో బోస్టనున మైనటు, మర్ఫీ యను వైద్యులు 45 మంది రోగులకు ప్రతిదినము విస్తారముగా కాలేయమును తినిపింపగా రక్తము పుంజుకొనెను. అంతకు ముందు కుక్కలయందు కాలేయపు మహిమను చూపినవాడు విప్పిలు. 1934లో ముగ్గురికిని నోబెలు బహుమానము వచ్చినది. అది ఉపశయము. మందు దొరకినది గాని, రోగ మేల వచ్చినదో తెలియలేదు.

ఆ ప్రశ్న నడిగినవాడు బోస్టనువాడే యైన విలియం కాసిలు. ఆరోగ్యవంతు లెవ్వరును దినమునకు అర పౌను కాలేయమును తినకయే బ్రదుకుచున్నారు గదా, రోగికే యది యేల కావలసివచ్చినది? ఈ రోగుల జీర్ణాశయమున జఠరరస మూరదని వైద్యు లెఱుగుదురు. కాసిలు తానే సగము కాలిన మాంసమును తిని, గంట గడచిన పిమ్మట దానిని కడుపునుండి వెలికి తీసి, గొట్టముద్వారా రోగుల కిచ్చెను. వినుట కసహ్యముగ నుండవచ్చును. రోగులకు దాని పుట్టుక చెప్పలేదు. ఫలితమేమన, మాంస మొక్కటే యిచ్చిన గుణము లేదు. జఠరరస మొక్కటే యిచ్చినను లేదు. రెండును కలిసిన రక్తము వృద్ధియైనది. ఆహారమున నొక వస్తువును, ఆరోగ్యవంతుని జీర్ణాశయమున దానిని పట్టుకొను మఱియొక వస్తువును ఉండవలెనని 1929లో ఆయన ప్రకటించెను. అనగా రక్తమునకు వచ్చిన రోగమునకు మూలము కడుపులో నున్నది! ఆహారవస్తువు బి 12 అను విటమిను. అది 1948లో వేఱుచేయబడినది. జీర్ణాశయపు పొర దానిని పట్టుకొను రసము నూరింపకున్న, చిన్నప్రేవుల తుది భాగము దానిని గ్రహింపలేదు. మజ్జలో రక్తకణములు విభజన మొందజాలక, పెద్దవై, అపరిపక్వములై నిలిచిపోవును. వెన్నుపామునందలి నరముల కవచము చెడును. దేహమే తన జీర్ణాశయకణముల మీద కత్తికట్టుట యిందులకు కారణమని తరువాతి దశాబ్దములందు తేలినది.

ఈ కథలో మన తెలుగువా డొకడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలయందు చదువుచు, స్వదేశీదీక్షచే ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు పాత్రుడై, పూర్ణమైన పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్. ఎం. ఎస్. పత్రమును పొందెను. సోదరులు స్ప్రూ అను గ్రహణీరోగమునకు బలియైరి. ఆ రోగమునను రక్తము క్షీణించును. అమెరికా చేరిన పిమ్మట ఆ పత్రము వైద్యము చేయుటకు చాలకపోగా, బోస్టను ఆస్పత్రిలో రాత్రివేళ మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరెను. పరీక్షలును పట్టములును మనుష్యుని తూచుటలో నెంత తప్పగలవో ఇంతకంటె చెప్పనక్కఱలేదు. ఆ రాత్రుల తరువాతనే, ఫిస్కెతో కలిసి, 1925లో భాస్వరమును లెక్కించు పద్ధతిని, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఎ. టి. పి. అను పదార్థమును ప్రకటించెను. చివరిదానిని ఆ యేడే జర్మనీలో లోమను వేఱుగా కనిపెట్టెను.

1930 దశాబ్దమున సుబ్బారావు హార్వర్డులో, కాలేయమందలి ఏ పదార్థము పెర్నిషస్ అనీమియాను కుదుర్చుచున్నదో వేఱుచేయుటకు జాకబ్సనుతో కలిసి పాటుపడెను. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లిన పిమ్మట, ఆయన నడపిన పరిశోధనశాలయందు 1945లో తయారైనది ఫోలిక్ ఆమ్లము. దాని పేరునకు అర్థము పత్రామ్లము. పాలకూర వంటి ఆకునుండి మొదట తీసినందున వచ్చిన పేరది. దీని జాడను బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు 1931 నాటికే కనిపెట్టియుండెను. మిల్లుకార్మిక స్త్రీలకు గర్భిణీకాలమున వచ్చు రక్తహీనత కాలేయసారముతోను, చౌకయైన ఈస్టుసారముతోను కూడ కుదురుచుండుట ఆమె చూచెను. స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లము సంజీవనియైనది. సోదరులను పోగొట్టుకొన్నవాని చేతిమీదుగా ఆ మందు వచ్చుట వినువారికి గుండె కరగించు విషయము.

ఇక్కడనే సంప్రాప్తి యవసరము బయటపడినది. ఫోలిక్ ఆమ్లమును పెర్నిషస్ అనీమియా రోగులకు నిచ్చి చూచిరి. రక్తము వృద్ధియైనది; వైద్యులు సంతోషించిరి. కాని నెలలు గడచునప్పటికి కొందఱి కాళ్లలో తిమ్మిరి హెచ్చెను, నడక చెడెను. రక్తపరీక్ష బాగున్నదని చెప్పుచుండగానే రోగి కుంటివాడగుచుండెను. ఏల? కణవిభజనకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దేహమున నది పనికిరాని రూపమున చిక్కుకొనకుండ విడిపించునది బి 12. ఫోలిక్ ఆమ్లమును బయటినుండి దండిగా నిచ్చిన, ఆ చిక్కును దాటి రక్తము తయారగును. నరములకు బి 12 చేయు పనిని మాత్రము ఫోలిక్ ఆమ్లము చేయజాలదు. పాలిపోయిన ముఖము ఎఱ్ఱబడుటచేత వైద్యునికి హెచ్చరిక నిచ్చు చిహ్నమే మాయమైపోయెను. చెడిపోయిన నరము మరల పూర్తిగా కుదురుట యన్నివేళల జరుగదు. ‘రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము’ అని వల్లించిన వైద్యునికిని, కడుపునుండి వెన్నుపాము వఱకు దారి యెఱిగిన వైద్యునికిని భేదము ఆ రోగి కాళ్లలో నున్నది.

ఫోలిక్ ఆమ్లము లేక కణము విభజన మొందజాలదను సంగతినే తలక్రిందు చేసి, దాని పనిని చెఱచు అమినోప్టెరినును సుబ్బారావు శాల తయారు చేయగా, బోస్టనున ఫార్బరు రక్తపు కేన్సరు వచ్చిన పిల్లల కిచ్చి, 1948లో కొందఱియందు కొంతకాలము రోగము వెనుకంజ వేసినదని ప్రకటించెను. నేడును వాడుచున్న మెథోట్రెక్సేటు దాని తోబుట్టువు. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను.

పరీక్ష మాత్రము రూపులు మార్చుకొనుచు వచ్చినది. వ్యాసములు దిద్దువారి మధ్య భేదాభిప్రాయములు మెండుగా నుండుటచే, 1950 దశాబ్దారంభమున కొన్ని జవాబులిచ్చి అందొకదాని నేరుకొమ్మను ప్రశ్నలు వచ్చినవి. 1992 మొదలు అమెరికావారికిని పరదేశమునందు చదివినవారికిని ఒక్కటే పరీక్ష యేర్పడినది. 1999లో కంప్యూటరు మీదికి మారినది. సంప్రాప్తిని పరీక్షించు మొదటి మెట్టులో వచ్చిన మార్కులను బట్టి ఆస్పత్రులు వైద్యులను వడపోయసాగినందున, విద్యార్థులు రోగుల నొదలి ఆ మార్కుల కొఱకే ప్రాకులాడిరి. నెగ్గుటకు నిర్ణయించిన పరీక్షను పందెముగా మార్చుట దాని యుద్దేశమునకు విరుద్ధము. 2022 జనవరి 26 మొదలు మార్కులు ప్రకటించుట మాని, నెగ్గెనో లేదో మాత్రమే తెలుపుచున్నారు. పందెము తరువాతి మెట్టునకు జరిగినదని కొందఱందురు, అదియు నిజమే.

ఇట్టి పరీక్షలో నొక ప్రశ్న నూహింపుడు. అరువదేండ్ల స్త్రీ. ఆఱు నెలలుగా రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము తీసికొనుచున్నది. రక్తము బాగుపడినది. పాదములు మొద్దుబారి, చీకటిలో నడచుచు పడిపోవుచున్నది. ఆమె దేహమున ఏ కణముల రసము కొఱవడినది? క్రింద అయిదు జవాబులు. విద్యార్థికి దొరకు కాలము రమారమి నిమిషమున్నర. 1916లో వాషింగ్టనునందు కూర్చున్న పదిమందిలో నెవ్వరును, వారిని పరీక్షించిన యాచార్యులలో నెవ్వరును, దీనికి జవాబు చెప్పగలిగి యుండరు.